ఇంట్లో ఆటలమ్మ పోసిన రోజు

(విజయవాడలో ఒక కాలనీ కమ్యూనిటీ హాల్లో, ఫిబ్రవరి నెల ఆదివారం సాయంత్రం, తల్లిదండ్రుల ఎదుట ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఈ నెలలో మీ కాలనీలో ఆరుగురు పిల్లలకు ఆటలమ్మ పోసిందని సెక్రటరీ గారు ఫోన్లో చెప్పారు. ఒకే బ్లాకులో నలుగురట. చాలామంది టెన్షన్ పడుతున్నారు, ఒకసారి వచ్చి మాట్లాడండి అన్నారు. నేను డాక్టర్ని కాదు. ముప్పై రెండేళ్ళు ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేశాను, అందులో పదకొండేళ్ళు పిల్లల వార్డులో. మందు సంగతి డాక్టరు గారు చెప్తారు. డాక్టరు దగ్గర నుంచి ఇంటికి వచ్చాక ఆ రెండు మూడు వారాలు ఇల్లు ఎలా నడవాలి అన్నది మాత్రం నేను చెప్పగలను. ఎందుకంటే ఒకసారి మా ఇల్లే సరిగ్గా నడవలేదు. ముందు అది చెప్తాను.

1999 ఫిబ్రవరి. మా అబ్బాయికి ఏడేళ్ళు. ఒకరోజు స్కూలు నుంచి వచ్చి కడుపు మీద దోమ కుట్టిందన్నాడు. రాత్రి చొక్కా మారుస్తుంటే చూశాను, వీపు మీద మూడు, ఛాతీ మీద రెండు. ఎర్రటి పొక్కు మీద నీటిబొట్టు పెట్టినట్టు ఉన్నాయి. వార్డులో ఎన్నోసార్లు చూసినదాన్ని, వెంటనే పోల్చుకున్నాను. మా అత్తయ్య గారు చెంపలు వేసుకుని, "తల్లి వచ్చిందమ్మా" అని దీపం పెట్టారు. గుమ్మానికి వేపమండలు కట్టారు. ఇంట్లో తాలింపు ఆపేశారు. అబ్బాయికి హాల్లో ఒక మూల పక్క వేశాం. వాడికి పెద్దగా ఇబ్బంది కాలేదు. నాలుగు రోజులు జ్వరం, దురద, ఆ తర్వాత ఆటలు.

అప్పుడు మా మరిది మా ఇంట్లోనే ఉండేవాడు. ఇరవై ఏడేళ్ళు, బ్యాంకు పరీక్షల కోచింగ్ కోసం వచ్చాడు. వాడూ ఆ హాల్లోనే పడుకునేవాడు. రాత్రుళ్ళు పిల్లాడికి దురద పెడితే లేచి వేపరెమ్మతో విసిరేవాడు, కథలు చెప్పేవాడు. వాడికి చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా లేదా అని నేను అడగలేదు. నర్సునై ఉండి, వార్డులో ప్రతి తల్లినీ అడిగే మాట, ఇంట్లో అడగలేదు. పెద్దవాళ్ళకి రాదులే అని అందరితో పాటు నేనూ అనుకున్నాను.

సరిగ్గా పదిహేనో రోజున మా మరిదికి జ్వరం వచ్చింది. మర్నాటికి ఒళ్ళంతా పొక్కులు. పిల్లాడికి పడినవాటికి రెండింతలు పడ్డాయి, నోట్లో, గొంతులో కూడా. ఆ రోజే మందు మొదలుపెట్టి ఉండాల్సింది. అత్తయ్య గారు వద్దన్నారు. "అమ్మవారు ఇంట్లో ఉండగా మాత్రలు మింగితే కోపగించుకుంటుంది" అన్నారు. ఆవిడ మాట నేను కాదనలేదు. నాలుగో రోజు రాత్రి దగ్గు మొదలైంది. తెల్లారేసరికి మెట్లు ఎక్కలేనంత ఆయాసం. ఆసుపత్రికి తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయిస్తే రెండు ఊపిరితిత్తుల నిండా మచ్చలు. వైరస్ ఊపిరితిత్తులకి దిగింది. వాడికి సిగరెట్ అలవాటు కూడా ఉంది, అలాంటి పెద్దవాళ్ళకి ఈ ప్రమాదం ఎక్కువ. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు, అందులో నాలుగు రోజులు ఆక్సిజన్ మీద. బతికాడు. ఇప్పుడు బాగున్నాడు, ఇద్దరు ఆడపిల్లలు.

ఆ నాలుగు రోజుల్లో ఒకనాటి రాత్రి అత్తయ్య గారు వరండాలో బెంచీ మీద నా పక్కన కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మందు కూడా ఆ తల్లి ఇచ్చిందే అనుకుంటానమ్మా, ఏం వేయాలో అన్నీ వేయమను" అన్నారు. ఆ మాట నేను తర్వాత ఎన్నో ఇళ్ళలో పెద్దవాళ్ళకి చెప్పాను. నేను చెప్తే వినని వాళ్ళు కూడా, మా అత్తయ్య గారు ఇలా అన్నారు అంటే విన్నారు.

అందుకే మీకు మొదట చెప్పేది ఇది. పిల్లాడి ఒంటి మీద పొక్కు చూసిన రోజు, పిల్లాడి గురించి కంగారు పడే ముందు, ఇంట్లో అందరూ కూర్చోండి. ఎవరికి పోసింది, ఎవరికి పోయలేదు అని ఒక్కొక్కరినీ అడగండి. ఒక కాగితం మీద పేర్లు రాసి ఫ్రిజ్ మీద అంటించండి. తెలియని వాళ్ళు ఊళ్ళో ఉన్న అమ్మకో పెద్దమ్మకో ఫోన్ చేసి కనుక్కోండి. మన అమ్మలకి ఇవి బాగా గుర్తుంటాయి, ఏ ఏడాది, ఏ పండక్కి ముందు అన్నది కూడా చెప్తారు. మొగవాళ్ళు ఈ విషయంలో సాధారణంగా "వచ్చే ఉంటుంది" అంటారు. అది ఒప్పుకోవద్దు. తెలియకపోతే రానట్టే లెక్క.

ఒక్క జాగ్రత్త. డెబ్బై, ఎనభై ఏళ్ళ పెద్దవాళ్ళు చేతి మీద గుండ్రటి మచ్చ చూపించి, నాకు టీకా వేశారు, నాకు రాదు అంటారు. అది మశూచి టీకా. మశూచి వేరు, ఆటలమ్మ వేరు. ఆ టీకా దీన్ని ఆపదు.

మశూచి అన్నాను కాబట్టి దాని సంగతి కొంచెం చెప్పాలి. మన పెద్దవాళ్ళ భయం అంతా అక్కడి నుంచి వచ్చింది. మశూచిని పెద్దమ్మవారు అనేవాళ్ళు. దాని పెద్ద రకం సోకిన వందమందిలో ముప్పై మంది దాకా చనిపోయేవాళ్ళు. బతికినవాళ్ళలో కొందరికి చూపు పోయేది. మన దేశంలో చివరి కేసు 1975 మే నెలలో వచ్చింది. ప్రపంచం మొత్తం మీద మశూచి పోయిందని 1980 మే 8న ప్రకటించారు. పోలేరమ్మకి, పోచమ్మకి మొక్కుకోవడం, చద్ది నైవేద్యం పెట్టడం, ఇంట్లో గట్టిగా మాట్లాడకపోవడం, ఇవన్నీ అంత పెద్ద భయంలో బతికిన మనుషులు చేసుకున్న ఏర్పాట్లు. మందు లేని కాలంలో ఇంకేం చేస్తారు? మశూచి పోయింది, దాని ఆచారాలు మాత్రం ఆటలమ్మకి మిగిలాయి. నేను వాటిని తీసిపారేయమని చెప్పడానికి రాలేదు. వాటిలో మంచివి ఉన్నాయి. ప్రాణం మీదికి తెచ్చేవి కూడా రెండు మూడు ఉన్నాయి.

గుమ్మానికి వేపమండ కట్టడం చూడండి. వేపాకు ఈ వైరస్‌కి మందు కాదు. కాని ఆ మండ కడితే వీధిలో ప్రతి ఒక్కరికీ తెలిసేది, ఈ ఇంట్లో అమ్మవారు ఉంది, లోపలికి వెళ్ళకూడదని. కడుపుతో ఉన్న కోడలు ఆ గుమ్మం తొక్కేది కాదు. అంతకంటే మంచి నోటీసు బోర్డు ఏముంటుంది? ఇవాళ అపార్ట్‌మెంట్లలో మనం ఆ మండ కట్టడం లేదు. ఎవరికీ చెప్పడం లేదు. పిల్లాడిని అదే లిఫ్ట్‌లో కిందికి దించుతున్నాం. మీ బ్లాకులో నలుగురికి రావడానికి కారణం ఇదేనా అంటే నేను చెప్పలేను. కాని ఇద్దరు తల్లులు ఇందాక నా దగ్గరికి వచ్చి, పక్క ఫ్లాటులో ఉందని తమకు పదిరోజుల తర్వాత తెలిసిందన్నారు. అది బాధ కలిగించింది. మండ కట్టండి, లేదా వాట్సాప్ గ్రూపులో రెండు ముక్కలు పెట్టండి. మా అబ్బాయికి ఆటలమ్మ, ఫలానా తేదీన మొదలైంది, ఇంట్లో గర్భిణులు, పసిపిల్లలు ఉన్నవాళ్ళు చూసుకోండి అని. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. 2021 ఏప్రిల్, మే నెలల్లో కరోనా అప్పుడు కూడా దాచిపెట్టిన ఇళ్ళను చూశాను, చెప్పుకున్న ఇళ్ళనూ చూశాను. చెప్పుకున్న ఇళ్ళ గుమ్మం ముందుకి రోజూ క్యారేజీ వచ్చేది.

తేదీ ఎందుకు రాయమంటున్నానంటే, ఈ వైరస్ లెక్క తేదీలతోనే నడుస్తుంది. ఒకరి నుంచి ఒకరికి సోకాక పది నుంచి ఇరవై ఒక్క రోజుల మధ్య ఎప్పుడైనా బయటపడుతుంది. ఎక్కువమందికి రెండు వారాల దగ్గర. పొక్కులు కనబడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే పక్కవాళ్ళకి అంటుతుంది. అంటే మీరు చూసేసరికే వాడు అన్నతో, చెల్లెలితో కలిసి తిని, కలిసి పడుకుని ఉంటాడు. ఆ విషయంలో మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు. చివరి పొక్కు కూడా ఎండి చెక్కు కట్టేదాకా అంటుతుంది, సాధారణంగా పొక్కులు మొదలయ్యాక ఐదు నుంచి ఏడు రోజులు. చెక్కులు రాలేదాకా అంటుతుందని మనవాళ్ళు భయపడతారు. ఎండిపోయిన చెక్కుతో అంటదు. ఒకే ఇంట్లో ఇదివరకు రాని వాళ్ళు పదిమంది ఉంటే తొమ్మిది మందికి దాకా వస్తుంది. గాలిలో వస్తుంది, పొక్కు నీటితో వస్తుంది. కాబట్టి గోడ క్యాలెండర్ తీసి, పెద్దాడికి మొదలైన రోజు నుంచి లెక్కపెట్టి, పదో రోజు దగ్గర ఒక గీత, ఇరవై ఒకటో రోజు దగ్గర ఒక గీత పెట్టండి. చిన్నదానికి వస్తే ఆ రెండు గీతల మధ్య వచ్చే అవకాశం ఎక్కువ. ఇప్పుడు మాఘమాసం, పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. ఆ రోజుల్లో చిన్నదాన్ని బాలింత ఉన్న ఇంటికో పెళ్ళికో తీసుకెళ్ళకండి. బంధువులు ఏమనుకుంటారో అన్న బెంగ వద్దు, ఫోన్లో చెప్పండి చాలు.

ఇప్పుడు ఆ కాగితం మీద పేర్ల దగ్గరికి మళ్ళీ వద్దాం. ఎవరి పేరు కింద ఎర్ర గీత పెట్టాలి?

మొదట కడుపుతో ఉన్న ఆడపిల్ల. ఆమెకి ఇదివరకే పోసి ఉంటే దాదాపుగా భయం లేదు. పోయలేదంటే, తెలియదంటే, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. రక్తపరీక్షలో తెలుస్తుంది, ఆమెకి రక్షణ ఉందో లేదో. లేకపోతే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే ఇంజెక్షన్ ఉంది. జబ్బు మనిషి దగ్గర మెలిగాక మొదటి నాలుగు రోజుల్లో ఇస్తే మంచిది, పది రోజులలోపు ఇవ్వొచ్చు. మొదటి ఇరవై వారాల్లో తల్లికి సోకితే నూటికి ఒకరిద్దరు బిడ్డలకి లోపాలు రావచ్చు. అంటే నూటికి తొంభై ఎనిమిది మందికి ఏమీ కాదు. ఈ రెండో మాట కూడా చెప్పాలి. మా వార్డులో ఒక అమ్మాయి ఈ రెండో మాట ఎవరూ చెప్పక నెలంతా ఏడుస్తూ గడిపింది. ఇక తల్లికి ఊపిరితిత్తుల ప్రమాదం నెలలు నిండేకొద్దీ ఎక్కువ. కాన్పుకి ఐదు రోజుల ముందు నుంచి కాన్పు అయ్యాక రెండు రోజుల లోపు తల్లికి పొక్కులు పడితే, పుట్టిన బిడ్డకి ప్రాణాపాయం. తల్లి శరీరం తయారుచేసుకున్న రక్షణ బిడ్డకి అందేలోపే బిడ్డ బయటికి వచ్చేస్తుంది, అదీ కారణం. అలాంటప్పుడు పిల్లల డాక్టరు ఉన్న ఆసుపత్రిలో ఉండాలి.

తర్వాత, స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్ళు, కేన్సర్‌కి కీమో తీసుకునేవాళ్ళు, కిడ్నీ మార్పిడి జరిగినవాళ్ళు. నెఫ్రోటిక్ అనే కిడ్నీ జబ్బుతో మొహం ఉబ్బి ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ వాడే పిల్లలు మన ఊళ్ళల్లో చాలామంది ఉన్నారు. ఆ పిల్లలకి ఇది మామూలు ఆటలమ్మ కాదు. వాళ్ళు పక్క ఫ్లాటులో ఉన్నా చెప్పాలి.

ఆ తర్వాత మా మరిది లాంటివాళ్ళు. ఇదివరకు రాని పెద్దవాళ్ళు, పదమూడేళ్ళు దాటిన పిల్లలు. వీళ్ళకి ఎసైక్లోవిర్ అనే మందు ఉంది. పొక్కు కనబడిన 24 గంటల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. పెద్దవాళ్ళకి మామూలుగా 800 మిల్లీగ్రాముల మాత్ర రోజుకి ఐదుసార్లు, ఏడు రోజులు ఇస్తారు. మోతాదు డాక్టరు గారు రాయాలి, మెడికల్ షాపులో అడిగి కొనుక్కోకండి. ఇంట్లో రెండోవాడిగా తెచ్చుకున్న పిల్లాడికి మొదటివాడి కంటే పొక్కులు ఎక్కువ పడతాయి. అందుకని డాక్టర్లు వాడికి కూడా ఇస్తుంటారు. మొదటి రోజే వెళ్ళండి. మంచి రోజు చూసుకుని వెళ్తాం, మూడో రోజు చూద్దాం అంటే ఆ మందు వల్ల ఉపయోగం సగం పోతుంది.

ఇంకొకరి పేరు కాగితం మీద రాయడం అందరూ మర్చిపోతారు. మీ ఇంటికి పనికి వచ్చే అమ్మాయి. ఆమెకి పోసిందో లేదో అడగండి. ఆమె కడుపుతో ఉందేమో, ఇంట్లో పసిబిడ్డ ఉందేమో అడగండి. ఉంటే రెండు వారాలు సెలవు ఇచ్చి, జీతం కోయకుండా ఇవ్వండి. జీతం పోతుందని భయపడితే ఆమె నిజం చెప్పదు.

ఎవరు చూసుకోవాలి అన్నది ఇప్పుడు తేలిక. కాగితం మీద 'పోసింది' అని రాసున్న వాళ్ళలో ఒకరు. అమ్మకి రాలేదు, నాన్నకి వచ్చింది అంటే నాన్న చూసుకోవాలి. మన ఇళ్ళల్లో ఇది చెప్తే కొంచెం ఇబ్బందిగా చూస్తారు. కాని ఒళ్ళు తుడవడం, జావ తాగించడం మొగవాళ్ళకి రాని పనులు కావు. వాళ్ళకి వరుసగా వారం సెలవు దొరకదంటే, పోసిన అమ్మమ్మనో మేనత్తనో పిలిపించుకోండి. మనవడికి ఆటలమ్మ అంటే ఊరి నుంచి బస్సెక్కి వచ్చే అమ్మమ్మలు ఇంకా ఉన్నారు.

పిల్లాడికి కిటికీ ఉన్న గది ఇవ్వండి, కిటికీ తెరిచి ఉంచండి. తువ్వాలు, దుప్పటి, గ్లాసు వేరుగా ఉంచండి. రోజూ ఉతికి ఎండలో వేయండి. ఈ వైరస్ సబ్బుకి చచ్చిపోతుంది, ఇల్లంతా ఫినాయిల్ పోసి కడగాల్సిన పని లేదు.

స్నానం. ఇక్కడే పెద్ద గొడవ జరుగుతుంది. అమ్మవారు ఉన్నన్నాళ్ళూ నీళ్ళు తగలకూడదని, తొమ్మిదో రోజో పదకొండో రోజో వేపాకు పసుపు వేసిన నీళ్ళు తలకి పోస్తారు. ఆ నీళ్ళు పోసే రోజు మీ పద్ధతి ప్రకారమే చేసుకోండి, అమ్మమ్మ సంతోషిస్తుంది. కాని అప్పటిదాకా ఒళ్ళు కడగకుండా ఉంచితే చెమట, మురికి పట్టి, గోకిన పొక్కుల్లో చీము పడుతుంది. మా వార్డుకి ఆటలమ్మతో వచ్చిన పిల్లల్లో ఎక్కువమంది చీము పట్టి వచ్చినవాళ్ళే. రోజూ గోరువెచ్చటి నీళ్ళు ఒంటికి పోయండి. రుద్దొద్దు, నలుగు పెట్టొద్దు, సున్నిపిండి వద్దు. మెత్తటి నూలు గుడ్డతో అద్దండి. పగిలిన పొక్కుల మీద వేపాకు ముద్ద, పసుపు ముద్ద పూయకండి, రోటిలోని మురికి కూడా దానితో పాటు వెళ్తుంది. కాలమైన్ లోషన్ పూయండి, చల్లగా ఉంటుంది. కాని లేత వేపరెమ్మతో మెల్లగా నిమరడం మాత్రం నాకిష్టం. గోళ్ళ కంటే వెయ్యి రెట్లు నయం. గోళ్ళు కత్తిరించండి. చిన్నపిల్లలకి రాత్రిపూట చేతులకి సాక్సులు తొడగండి. దురద రాత్రి ఎక్కువవుతుంది, నిద్ర పట్టే దురద మందు డాక్టరు గారిని అడగండి.

జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. బరువుని బట్టి, కిలోకి 15 మిల్లీగ్రాముల లెక్కన, ఆరేసి గంటల ఎడంతో. ఆస్పిరిన్ పిల్లలకి ఇవ్వకూడదు. ఆటలమ్మలో ఆస్పిరిన్ ఇస్తే అరుదుగా మెదడు, కాలేయం దెబ్బతినే జబ్బు వస్తుంది. ఐబూప్రోఫెన్ కూడా వద్దు, దానితో చర్మం లోపలికి దిగే ఇన్ఫెక్షన్లు ఎక్కువగా కనబడ్డాయి. పారాసిటమాల్, ఐబూప్రోఫెన్ కలిపిన సిరప్‌లు దొరుకుతాయి, సీసా మీద పేరు చదవండి. ఇక దురద తగ్గుతుందని, జ్వరం దిగుతుందని సందు చివర సూది వేయించుకోకండి. చాలాచోట్ల ఆ సూదిలో డెక్సా ఉంటుంది. డెక్సా అంటే స్టెరాయిడ్. ఆటలమ్మ ఒంట్లో ఉండగా స్టెరాయిడ్ పడితే వైరస్‌కి తలుపు తీసినట్టే. ఇది నేను గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే ఒక తల్లి ఇదే చేసి పిల్లాడిని తీసుకొచ్చింది, ఆ రాత్రి నాకు ఇంకా గుర్తుంది.

తిండి గురించి రెండు మాటలు. నోట్లో పుళ్ళు ఉంటాయి కాబట్టి కారం, పులుపు, తాలింపు లేని మెత్తటి తిండి మంచిదే. పెరుగన్నం, సగ్గుబియ్యం జావ, ఇడ్లీ, కొబ్బరినీళ్ళు. కాని పదిరోజులు ఉప్పు లేని గంజితో ఉంచితే పిల్లాడు నీరసపడిపోతాడు. మెత్తగా ఉడికిన పప్పన్నం పెట్టండి. గుడ్డు ఇంట్లో వండకూడదంటే పాలు, పెరుగు ఎక్కువ ఇవ్వండి.

ఇంటి దగ్గర చూసుకుంటున్నారు సరే, ఎప్పుడు పరుగెత్తాలి? ఆయాసం. ఆగని దగ్గు. నాలుగు రోజులు దాటినా తగ్గని జ్వరం, లేదా తగ్గి మళ్ళీ వచ్చిన జ్వరం. పిల్లాడు మత్తుగా పడి ఉండటం, నడిస్తే తూలడం, వాంతులు ఆగకపోవడం, మెడ వంచలేకపోవడం. పొక్కు చుట్టూ ఎర్రగా, వేడిగా, వాపుగా ముట్టుకోనివ్వకపోవడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా, అమ్మవారు ఇంట్లో ఉండగా గడప దాటకూడదు అన్న మాట ఆ పూటకి పక్కన పెట్టండి.

టీకా గురించి అడుగుతారని తెలుసు. దాని వెనక కూడా ఒక ఇంటి సంగతే ఉంది. మిచియాకి తకహాషి అని జపాన్ డాక్టరు. 1964లో అమెరికాలో పనిచేస్తుండగా ఆయన మూడేళ్ళ కొడుక్కి ఆటలమ్మ వచ్చింది, ఆడుకునే పిల్లల దగ్గర నుంచే. జ్వరం విపరీతంగా పెరిగి ఊపిరి ఆడక, పిల్లాడు దక్కుతాడో లేదో అని భార్యాభర్తలు పక్కనే ఉండి చూసుకున్నారు. పిల్లాడు కోలుకున్నాడు. ఆయన జపాన్‌కి తిరిగి వెళ్ళి, ఓకా అనే ఇంటిపేరు గల ఒక పిల్లాడి పొక్కుల నుంచి తీసిన వైరస్‌ని బలహీనపరచి టీకా చేశారు. 1974లో ప్రకటించారు. ఇప్పుడు మన దగ్గర వేస్తున్న టీకాల్లో ఎక్కువ వాటికి ఆ ఓకా పిల్లాడి వైరసే మూలం. వైరస్ ముందు అంత చదువుకున్న డాక్టరు కూడా మనలాగే మంచం పక్కన కూర్చున్న తండ్రి. అది తలుచుకుంటే నాకు ధైర్యంగా ఉంటుంది.

ఈ టీకా ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల పట్టికలో లేదు, కొనుక్కోవాలి. ఖరీదు కూడా ఎక్కువే. రెండు డోసులు, మొదటిది 15 నెలల వయసు దాటాక. వేయించగలిగిన వాళ్ళు వేయించండి. ఇంట్లో ఒకరికి పొక్కు కనబడ్డాక కూడా, రాని వాళ్ళకి మూడు రోజుల్లో, పోనీ ఐదు రోజుల లోపు వేయిస్తే చాలామందికి రాకుండా ఆగుతుంది, వచ్చినా తేలికగా పోతుంది. గర్భిణులకి, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళకి మాత్రం ఈ టీకా వేయరు.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(ఒక మహిళ: మా మామయ్య గారికి నడుం చుట్టూ సర్పి వచ్చింది. మాకు ఎనిమిది నెలల పాప ఉంది. ఎత్తుకోనివ్వొచ్చా?)

మంచి ప్రశ్న అమ్మా. సర్పి, ఆటలమ్మ ఒకే వైరస్. చిన్నప్పుడు ఆటలమ్మ తగ్గాక ఆ వైరస్ నరాల మొదట్లో నిద్రపోతుంది, ముసలితనంలో ఒంట్లో శక్తి తగ్గినప్పుడు లేచి సర్పిగా వస్తుంది. ఆయన నుంచి మీ పాపకి సర్పి రాదు, ఆటలమ్మ రావచ్చు. పొక్కుల నీరు తగిలితేనే, గాలిలో పెద్దగా రాదు. చెక్కులు కట్టేదాకా పొక్కుల మీద పల్చటి గుడ్డ కప్పుకోమనండి, పాపని ఎత్తుకోవడం ఆపమనండి. పాపని దూరం నుంచి చూపిస్తూ ఉండండి, లేకపోతే పెద్దాయన మనసు కష్టపెట్టుకుంటారు. ఆయన్ని కూడా ఈ రెండు మూడు రోజుల్లోనే డాక్టరుకి చూపించండి. సర్పికి కూడా అదే మందు, త్వరగా మొదలుపెడితే ఆ తర్వాత నెలల తరబడి ఉండే మంట తగ్గే అవకాశం ఉంది.

(ఒక తండ్రి: మా అమ్మాయికి పదో తరగతి పరీక్షలు. ఇప్పుడు వస్తే ఏం చేయాలి?)

పొక్కులు ఎండకముందే పరీక్ష వస్తే హెడ్‌మాస్టర్ గారికి ఆ రోజే చెప్పండి, విడిగా గదిలో కూర్చోబెట్టే ఏర్పాటు చేయమని అడగండి. దాచిపెట్టి ఫుల్‌హ్యాండ్స్ వేసి పంపకండి. పక్క బెంచీలో పిల్లకి రెండు వారాల తర్వాత అదే కష్టం వస్తుంది, అప్పటికి ఆ పిల్లకీ ఎంట్రన్సులు ఉంటాయి. జ్వరం, మత్తు ఉంటే మాత్రం పరీక్ష కంటే పిల్ల ముఖ్యం, సప్లిమెంటరీ ఉంది. హాస్టల్లో ఉన్న పిల్లలకి వస్తే బస్సెక్కించి ఒంటరిగా ఇంటికి పంపిస్తుంటారు. వీలైతే మీరే వెళ్ళి సొంత బండిలో తీసుకురండి.

(మరో తండ్రి: మా బాబుకి నాలుగేళ్ళు. నిన్నటి నుంచి గదిలో ఒక్కడినే ఉంచాం. రాత్రంతా నాన్నా నాన్నా అని ఏడ్చాడు. నా భార్య ఆరో నెల. నేను దగ్గరికి తీసుకోవచ్చా?)

ముందు మీ భార్య సంగతి. ఆమెకి పోసిందా? తెలియదా. అయితే రేపు పొద్దున్నే ఆమెని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి, ఇంట్లో బాబుకి ఫలానా రోజు మొదలైందని తేదీతో చెప్పండి. ఆమె పుట్టింటికి వెళ్ళిపోవాలా వద్దా అన్నది కూడా అక్కడే తేలుతుంది. ఆమెకి ఇప్పటికే సోకి ఉండొచ్చు, అక్కడ ఇంకో గర్భిణి ఉంటే ఆమెకి అంటకూడదు కదా.

మీ సంగతి, మీకు చిన్నప్పుడు పోసిందో లేదో తెలుసా? తెలియదు. మీ అమ్మగారు ఉన్నారా, ఏ ఊరు? గుడివాడా. ఇప్పుడే బయటికి వెళ్ళి ఆవిడకి ఫోన్ చేయండి. పోసిందని చెప్తే, ఈ రాత్రి మీరే వాడి పక్కన పడుకోండి. ఎత్తుకోండి, ముద్దు పెట్టుకోండి, మీకేం కాదు. వెళ్ళి ఫోన్ చేసి రండి, మీరు వచ్చేదాకా నేను ఇక్కడే ఉంటాను.